రెండు కోరంగులు

ఆస్ట్రేలియా ఖండానికి ఈశాన్యంగా పగడాల సముద్రమని పేరుగల జలరాశి ఒకటి ఉన్నది. క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోని కెయిర్న్స్ రేవుపట్టణం నుండి తూర్పుగా 400 కిలోమీటర్లకు పైగా పోతే ఆ సముద్రం నడుమ రెండు ఇసుక దిబ్బలు తగులుతాయి. మనుష్యులు లేరు, మంచినీరు లేదు. సముద్రపక్షులు గూళ్ళు కట్టుకుంటాయి. పచ్చ తాబేళ్ళు వచ్చి గుడ్లు పెట్టిపోతాయి. మామూలు పటాలలో వాటి గుర్తు ఉండదు. నావికులు వాడే పెద్ద పటాలలో మాత్రం వాటి పేరు కోరింగా దీవులు అని ఉంటుంది.

ఆ పేరు చదివిన తెలుగువాడు ఒక్క క్షణం ఆగక తప్పదు. అది మన కోరంగి పేరే. కాకినాడకు దక్షిణంగా, యానాం పోయే దారిలో ఉన్న కోరంగి. 1845లో 'కోరింగా ప్యాకెట్' అనే ఓడ ఆ దిబ్బల దగ్గర పగడపు తిట్టెలకు తగిలి పగిలిపోయినది. ప్యాకెట్ అనేది తపాలా, ప్రయాణికులు, సరుకులు చేరవేసే ఓడలకు ఆనాడు తగిలించే మాట. ఓడ పోయినది, దాని పేరు దిబ్బలకు దక్కినది. రెంటిలో ఒక దిబ్బకు ఆ ఓడ నాయకుడైన చిల్కాట్ పేరే స్థిరపడిపోయినది. మన దేశంలో సామాన్యుడు నోట పలకటం మానివేసిన రేవు ఒకటి, ఎవరూ కాపురముండని పరాయి ఇసుక మీద తన పేరు నిలుపుకొన్నది.

ఇంకొక సంగతి భూగోళం బోధించే మిత్రులకు ఆసక్తి కలిగించవచ్చును. కాకినాడ భూమధ్యరేఖకు ఉత్తరంగా ఇంచుమించు 17 డిగ్రీల మీద ఉన్నది. కెయిర్న్స్ దక్షిణంగా ఇంచుమించు అదే 17 డిగ్రీల మీద ఉన్నది. ప్రపంచపటాన్ని భూమధ్యరేఖ దగ్గర మడిస్తే రెండు ఊళ్ళూ ఒకే గీత మీద పడతాయి. ఆ కోరింగా దిబ్బలు కూడా ఆ గీతకు చేరువలోనే ఉన్నవి. మనకు తుఫానులు అక్టోబరు నుండి డిసెంబరు వరకు ముమ్మరం. వారికి జనవరి నుండి మార్చి వరకు. మన తుఫాను గడియారపు ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది, వారిది ముల్లుతోపాటు తిరుగుతుంది. వారి రేవుకు ఎదుట పగడపు గోడ ఉన్నది, మన రేవుకు ఎదుట ఇసుక గోడ ఉన్నది. రెండు ఊళ్ళకూ పక్కనే ఉప్పునీటిలో పెరిగే అడవి ఉన్నది.

ఆ దూరపు రేవును చూచి రావటం మాబోటి బడిపంతుళ్ళకు అందే పని కాదు. దాని జతను చూడటానికి మాత్రం సింగరాయకొండలో రాత్రి రైలెక్కితే చాలును. సంక్రాంతి సెలవులలో ముగ్గురు తోటి ఉపాధ్యాయులతో కలిసి ఆ పనే చేసినాను. తెల్లవారేసరికి సామర్లకోట దాటినాము.

పూర్వం ఈ ప్రయాణానికి నీటి దారి ఉండేది. మా ఊరి నుండి పాకల సముద్రతీరానికి పోయేటప్పుడు బకింగ్‌హాం కాలువను దాటి పోతాము. ఇప్పుడది చాలాచోట్ల పూడి, నాచు కట్టి, పిల్లలకు మురుగుకాలువవలె కనబడుతుంది. ఒకప్పుడు పడవ ఆ కాలువలో ఉత్తరంగా పెదగంజాం వరకు పోయి, కొమ్మమూరు కాలువలో ప్రవేశించి, కృష్ణను దాటి, ఏలూరు కాలువ మీదుగా గోదావరి చేరి, ధవళేశ్వరం దగ్గర ఏరు దాటి, కాకినాడ కాలువలో సముద్రం దాకా పోయేది. మదరాసుకూ కాకినాడకూ మధ్య ఉప్పు, ధాన్యం, కలప అలా నడిచినవి. 2008లో కాకినాడ నుండి పుదుచ్చేరి వరకు ఈ కాలువలనూ కృష్ణా గోదావరులలోని కొన్ని భాగాలనూ కలిపి నాలుగవ జాతీయ జలమార్గమని పార్లమెంటు చట్టం చేసినది. చట్టమైతే వచ్చినది గాని, మా కాలువలో పడవ మాత్రం ఇంకా రాలేదు.

పత్తి రైతులున్న మా ప్రాంతానికి కాకినాడతో ఇంకొక బంధుత్వం కూడా ఉన్నది. గుంటూరు మండలపు నల్లరేగడిలో పూర్వం పండిన లేత ఎరుపు రంగు నాటు పత్తిని ప్రపంచపు బజారులో 'కోకనాడ పత్తి' అనేవారు. పండించినది ఒక సీమ, పేరు ఎగుమతి చేసిన రేవుది. 1861 నుండి 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధం సాగినప్పుడు అక్కడి పత్తి ఇంగ్లండు మిల్లులకు అందక, మన పత్తికి ఎన్నడూ లేని గిరాకీ వచ్చినది. కాకినాడ పెరుగుదలకు ఆ నాలుగేళ్ళు గొప్ప ఊతం ఇచ్చినవి.

కాకినాడ మెత్తని ఊరు. తిన్నని వీధులు, పాత కళాశాల భవనాలు, సాయంత్రం సముద్రపు గాలి. కాజాల సంగతి ఎత్తితే వ్యాసం అక్కడే ఆగిపోతుంది గనుక ఎత్తను. జగన్నాథపురం వైపు డచ్చివారు వ్యాపారం చేసిన కాలపు జ్ఞాపకాలున్నవి. వాణిజ్య కాలువ ఒడ్డున నిలబడితే రేవు స్వభావం తెలుస్తుంది. ఇక్కడి సముద్రం లోతు లేనిది. ఓడలు దూరంగా లంగరు వేసుకొని నిలబడితే, బార్జీలు బియ్యపు బస్తాలు మోసుకొనిపోయి వాటికి ఎక్కిస్తాయి. ఓడ ఒడ్డుకు ఆనుకొని నిలబడే లోతు రేవు 1997లో గాని రాలేదు. ఇంత నిస్సారమైన నీటిలో ఇంత పెద్ద వ్యాపారం ఎలా నిలబడినదని అడిగితే, తూర్పున సన్నగా కనబడే గీతను చూపుతారు. అది హోప్ ఐలాండ్. ద్వీపమని పేరే గాని, గోదావరి తెచ్చిన ఇసుకను అలలు ఉత్తరంగా తోసుకొనిపోయి కట్టిన పొడవాటి తిన్నె అది. గడచిన రెండు వందల ఏళ్ళలో పెరిగి ఇంచుమించు 16 కిలోమీటర్లయినది. బంగాళాఖాతపు అల దాని వెన్నుకు తగిలి విరిగిపోతుంది. లోపలి నీరు చెరువువలె ఉంటుంది. కట్టించిన ఇంజనీరు గోదావరి, జీతం లేదు.

ఇక కోరంగి. కాకినాడ నుండి 20 కిలోమీటర్ల లోపే. గోదావరి సప్తశాఖలలో తుల్యభాగ చొల్లంగి దగ్గర, ఆత్రేయ కోరంగి దగ్గర సముద్రంలో కలుస్తాయని పెద్దలంటారు. పుష్య అమావాస్యకు చొల్లంగిలో స్నానం చేసి సప్తసాగరయాత్ర ప్రారంభించే ఆచారం నేటికీ ఉన్నది. బస్సు దిగి చూస్తే కోరంగి ఒక చిన్న ఊరు. కొబ్బరిచెట్లు, చెరువులు, నడిచే వీధి. ఇక్కడ పద్దెనిమిది, పంతొమ్మిది శతాబ్దులలో సముద్రపు ఓడలు కట్టేవారని, దెబ్బతిన్న ఓడలను ఎక్కించి బాగుచేసే డాకు ఉండేదని, తూర్పుతీరంలో దీనికి పోటీ రాగల రేవులు తక్కువని చెప్పినా కొత్తవాడు నమ్మడు. ఈ రేవులోనే ఓడలెక్కి వేలాది తెలుగు కూలీలు బర్మా పోయినారు. కోరంగి నుండి వచ్చినవారు గనుక బర్మావారు వారిని కోరంగీలన్నారు. క్రమంగా ఆ మాట తెలుగువారందరికీ పేరై, ఆపైన తిట్టుగా మారినది. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేసినప్పుడు చెలరేగిన అల్లర్లలో చనిపోయినవారు అధికంగా ఈ కోరంగీలే. ఒక ఊరి పేరు ఒకచోట పటం మీద దీవి అయినది, ఇంకొకచోట కూలివాని మెడలో బిళ్ళ అయినది.

ఊరు ఇంత చిన్నబోవటానికి తుఫానులే కారణమని అందరూ చెబుతారు. 1789 డిసెంబరులో మూడు మహాతరంగాలు ఒకదాని వెనుక ఒకటి వచ్చి ఊరిని ముంచి, ఓడలను పొలాలలోకి విసిరివేసినవి. 1839 నవంబరు 25న వచ్చిన ఉప్పెన ఇంకా ఘోరమైనది. అల 40 అడుగులు లేచినదట. దానిలో 3 లక్షల మంది పోయినారని ఎన్నో పుస్తకాలలో ఒకదానిని చూచి ఒకటి రాసుకొన్నారు. కోరంగి, దాని చుట్టుపట్ల గ్రామాలన్నీ కలిపినా ఆనాడు అంత జనం ఉండి ఉండరు. ఆ అంకెను పిల్లలచేత వల్లింపజేయకపోవటం మంచిది. ఊరు నాశనమైన మాట నిజం, అది చాలును. కలకత్తాలో ఉండి ఈ తుఫానుల వృత్తాంతాలను పోగుచేసిన హెన్రీ పిడింగ్టన్, 1848లో నావికుల కోసం రాసిన పుస్తకంలో ఇటువంటి సుడిగాలికి సైక్లోన్ అనే పేరు ప్రతిపాదించినాడు. చుట్ట చుట్టుకొన్న పామును తలపించే గ్రీకు మాట నుండి దానిని తీసినాడు. నేడు లోకమంతా వాడే మాట అది. గాలికి ఆంగ్లం కొత్త పేరు వెదకుకొన్నది గాని, గాలితో లేచి ఒడ్డెక్కే సముద్రానికి మన జాలరికి ఉప్పెన అనే మాట ముందే ఉన్నది.

అదే 1839 సెప్టెంబరులో, అంటే కోరంగి మునగటానికి రెండు నెలల ముందు, బీగిల్ అనే ఆంగ్ల నౌక ఆస్ట్రేలియా ఉత్తరపు కొసన ఒక విశాలమైన సముద్రపు పాయలో ప్రవేశించినది. పూర్వం తమ నౌకలో ప్రయాణించిన శాస్త్రజ్ఞుని పేర నావికులు ఆ చోటికి డార్విన్ అని పేరు పెట్టినారు. ఆ రేవుకూ మన తీరానికీ ఒకే సంవత్సరంలో బాంబుల దెబ్బ కూడా తగిలినది. 1942 ఫిబ్రవరి 19న డార్విన్ మీద, ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాను విమానాలు బాంబులు వేసినవి. 1974 క్రిస్‌మస్ నాటి తెల్లవారుజామున ట్రేసీ అనే తుఫాను డార్విన్‌లోని ఇళ్ళను చాలావరకు నేలమట్టం చేసినది. 66 మంది చనిపోయినారు. కొద్ది సంవత్సరాలలో ఆ ఊరు మరల లేచి నిలబడినది. మరి కోరంగి ఎందుకు లేవలేదు? డబ్బు, ప్రభుత్వం, కాలం అన్నీ వేరే. అయినా అసలు కారణం నేలలో ఉన్నది. డార్విన్ రేవు లోతైనది. పోటుకూ ఆటుకూ నడుమ నీటిమట్టం 8 మీటర్ల దాకా మారుతుంది. కోరంగి రేవు గోదావరి ఒండ్రు మీద ఉన్నది. ప్రతి వరదకూ ఏరు కొంత మట్టి తెచ్చి రేవు నోట్లో కుక్కుతూనే ఉన్నది. ఉప్పెన ఒక రాత్రిలో కొట్టినది. మేట వంద సంవత్సరాలు నెమ్మదిగా గొంతు నొక్కినది. ఓడలు కాకినాడకు తరలిపోయినవి.

ఏ మట్టి రేవును చంపినదో ఆ మట్టి మీదనే అడవి లేచినది. అది చూడటానికే మేము వచ్చినది.

1978లో ఈ ప్రాంతాన్ని అభయారణ్యంగా ప్రకటించినారు. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. యాత్రికుల కోసం అడవిలో చెక్కల బాట కట్టినారు. దాని మీద నడుస్తూంటే కింద బురద, రెండు పక్కలా పచ్చని గోడ. నల్లమడ, తెల్లమడ, తిల్ల, ఉప్పుపొన్న. బురదలో గాలి చొరబడదు గనుక మడచెట్టు తన వేళ్ళను పైకి పంపి గాలి పీల్చుకుంటుంది; చెట్టు చుట్టూ వేలకొద్దీ పెన్సిళ్ళు గుచ్చినట్లుంటుంది. శ్వాసవేళ్ళని పాఠ్యపుస్తకంలో బొమ్మ వేసి చూపుతాము గదా, ఆ బొమ్మ ఎంత బీదదో ఇక్కడ తెలిసినది. ఉప్పుపొన్న పద్ధతి వేరు. కాండం నుండి విల్లులవలె వంగిన ఊతవేళ్ళను నాలుగు వైపులా దించి అలకు ఎదురు నిలబడుతుంది. దాని గింజ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, ఈటెవలె పొడవై, అప్పుడు రాలుతుంది. ఆటు వేళ అయితే బురదలో గుచ్చుకొని అక్కడే నిలుస్తుంది, పోటు వేళ అయితే తేలుతూ పోయి ఇంకొక తిప్పను వెదకుకుంటుంది. తిల్లచెట్టు పాలు కంటికి తగిలితే చూపుకే చేటు. గైడు పిల్లలను దానికి దూరంగా నడిపిస్తాడు.

బాట పక్కన బురద మీద చిన్న చేపలు కప్పలవలె ఎగురుతున్నవి. ఒక చెయ్యి మాత్రమే పెద్దదిగా పెరిగిన పీతలు ఆ చెయ్యి ఎత్తి ఎవరినో పిలుస్తున్నట్లు ఊపుతున్నవి. మా మిత్రులలో లెక్కల పంతులుగారు వాటిని లెక్కించబోయి విరమించుకొన్నారు. నీటికుక్కలు, నక్కలు, చేపలు పట్టే బావురుపిల్లి ఈ అడవిలో ఉన్నవి. బావురుపిల్లి రాత్రించరం గనుక మాకు దాని అడుగుల గుర్తులే దర్శనం. చలికాలం ముగిసేలోగా హోప్ ఐలాండ్ ఇసుక మీద సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టిపోతాయి.

పడవ మీద పాయలోకి పోయినప్పుడు అడవి ఇంకొక రూపం చూపినది. పాయలో నుండి ఉపపాయలు, వాటిలో నుండి ఇంకా సన్నని నీటిదారులు. తెలియనివాడు పోతే తిరిగి రాలేడు. గాలివాన కబురు రాగానే పడవలను ఈ పాయలలోకి చేర్చి మడచెట్లకు కట్టివేస్తామని మా సరంగు చెప్పినాడు. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుఫానులో సముద్రం మీద ఉండిపోయిన వందలాది జాలరులు తిరిగి రాలేదు. అడవి చాటున ఉన్న ఊళ్ళకు అల దెబ్బ తగ్గుతుందని ఇక్కడివారు గట్టిగా నమ్ముతారు. ఆ నమ్మకానికి ఆధారం ఉన్నది; దట్టమైన వేళ్ళ మధ్య నుండి వచ్చే అల తన బలం పోగొట్టుకుంటుంది. అయితే గాలిని అడవి ఆపలేదు. 1839 నాటి అల మరల వస్తే ఎంత అడవి ఉన్నా పూర్తిగా ఆగుతుందని చెప్పటం కూడా అబద్ధమే. తగ్గించటం వేరు, ఆపటం వేరు. తగ్గిన ఆ కొద్ది అడుగులలోనే ఎన్నో ఇళ్ళు నిలబడతాయి.

సరంగు మాట వినగానే నాకు కెయిర్న్స్ జ్ఞాపకం వచ్చినది. అక్కడా అదే వాడుక. ఊరిని ఆనుకొని ట్రినిటీ పాయ ఉన్నది, దాని ఒడ్డులన్నీ మడ అడవి. తుఫాను హెచ్చరిక రాగానే షోకు పడవల ధనికులు, చేపల పడవలవారు అందరూ పాయలోకి పోయి మడచెట్ల నడుమ లంగరు వేస్తారు. 2011 ఫిబ్రవరిలో యాసీ అనే పెనుతుఫాను వస్తున్నదని తెలిసి ఆస్పత్రులలోని రోగులను విమానాలలో వేరే నగరానికి తరలించిన ఊరు అది. అంత ఐశ్వర్యమున్నచోట కూడా పడవకు దిక్కు మడచెట్టే.

కెయిర్న్స్ 1876లో, లోపలి కొండలలో బంగారం దొరకటం వలన పుట్టినది. మడ బురదను పూడ్చి దాని మీద కట్టిన ఊరు. నేటికీ ఓడలదారిలో మేట తవ్వుతూనే ఉండాలి. ఆ బాధలో అది మన కాకినాడకు తోబుట్టువు. అయితే దాని వెనుక కొండలు సముద్రానికి దగ్గరగా లేచి నిలబడినవి. అందులో ఒక శిఖరం 1,600 మీటర్లు మించినది. పగడాల సముద్రం మీదుగా వచ్చే గాలి ఆ కొండలకు తగిలి కెయిర్న్స్‌లో ఏడాదికి సుమారు 2,000 మిల్లీమీటర్ల వాన కురిపిస్తుంది. కాకినాడ వాన అందులో సగం కంటే కొంచెం ఎక్కువ. ఆ కొండల మీది అడవి భూమి మీది అతిప్రాచీనమైన వర్షారణ్యాలలో ఒకటి. 1988లో ప్రపంచ వారసత్వ సంపదలలో చేరినది. ఎగురలేని కాసోవరీ పక్షి అక్కడ పెద్ద పండ్లను మింగి గింజలను చల్లుతూ అడవికి పాలేరుతనం చేస్తుంది. కొండ ఎక్కి కురాండా పోయే రైలుదారి 1891లో పూర్తయినది. దారిలో 15 సొరంగాలు. మడ పాయలలో మొసళ్ళున్నవని ఒడ్డున బోర్డులు పెడతారు.

ఇవన్నీ యాత్రికులకు చూపే సంగతులు. నాకు వాటికంటె విలువైనదిగా తోచినది ఇంకొకటి. కెయిర్న్స్‌కు ఎదురుగా పాయకు ఆవలి ఒడ్డున ఈస్ట్ ట్రినిటీ అనే చోట, 1970 దశకపు తొలి సంవత్సరాలలో ఒక చక్కెర కంపెనీ చెరకు పండించదలచి ఇంచుమించు 7 కిలోమీటర్ల కట్ట వేసి, మడ నేలలోకి పోటునీరు రాకుండా ఆపివేసినది. మడ బురదలో గంధకం, ఇనుము కలిసిన ఖనిజం ఉంటుంది. నీట మునిగి ఉన్నంతకాలం అది సాధువు. నీరు తీసివేసి గాలి తగలనిస్తే గంధకామ్లంగా మారుతుంది. చెరకు ఆశించినట్లు పండలేదు. వాన కురిసినప్పుడల్లా ఆమ్లం పాయలోకి కారినది, చేపలు చచ్చినవి, చెట్లు మాడినవి. 2000లో ప్రభుత్వం ఆ భూమిని కొని, చికిత్సకు పూనుకొన్నది. కట్టలోని తలుపులు కొద్దికొద్దిగా తెరచి, సున్నం కలుపుతూ, సముద్రపు పోటును తిరిగి లోపలికి రానిచ్చినారు. క్రమంగా ఆమ్లం తగ్గినది, చేప తిరిగివచ్చినది, మడ మొలిచినది. చెరిచినదానిని బాగుచేయటానికి పట్టిన కాలం చెరచటానికి పట్టిన కాలానికి ఎన్నో రెట్లు.

మన తీరంలో చెరకుకు బదులు రొయ్య వచ్చినది. 1990 తరువాత గోదావరి, కృష్ణా ముఖద్వారాలలో, ప్రకాశం, నెల్లూరు తీరాలలో రొయ్యల చెరువులు ఒకదానిని ఆనుకొని ఒకటి లేచినవి. కొన్నిచోట్ల మడను నరికి తవ్వినారు. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంతపు రొయ్యల సాగు మీద కఠినమైన తీర్పు చెప్పినది. చెరువులు పోలేదు గాని, మడ నేల మీద చెయ్యి వేయటానికి భయం పుట్టినది. ఆ దశకం చివర ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థవారు, అటవీశాఖవారు, గ్రామస్థులు కలిసి ఎండిపోయిన మడ నేలలలో చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి పోటునీరు పారించినారు. ఆ కాలువల ఒడ్డున మొక్కలు నాటినారు, అవి అడవి అయినవి. ఇక్కడా అక్కడా మందు ఒక్కటే. సముద్రాన్ని లోపలికి రానివ్వటం.

2020లో కాకినాడ పొలిమేరలో దుమ్ములపేట దగ్గర ఇళ్ళస్థలాల కోసం మడచెట్లను కొట్టి నేల మెరక చేసినప్పుడు పెద్ద వివాదం లేచి, జాతీయ హరిత న్యాయస్థానం దాకా పోయినది. ఇల్లు లేనివానికి ఇల్లిచ్చే పనిని కాదనగల పాషాణహృదయుడెవడూ ఉండడు. ఉప్పెనకు అడ్డుగా ఉన్న చెట్టును కొట్టి, ఆ చెట్టు నిలబడిన చోటనే పేదవానిని నిలబెట్టటం మాత్రం వానికి చేసిన ఉపకారమని నేననుకోను. పెద్ద ఇళ్ళవారెవరూ ఆ స్థలం అడగలేదన్నది గమనించదగినది.

మడకు మనుష్యులు చేసే హాని కంటికి కనబడుతుంది. కనబడనిది ఇంకొకటి ఉన్నది. గోదావరి మీద, దాని ఉపనదుల మీద ఆనకట్టలు పెరిగినకొద్దీ ఏరు తెచ్చే ఒండ్రు తగ్గిపోయినది. గత యాభై ఏళ్ళలో సగానికి మించి తగ్గినదని శాస్త్రజ్ఞులు కొలిచినారు. ఆనకట్ట లేకపోతే అన్నం లేదు, అది వేరే మాట. కాని అడవినీ, ఇసుక గోడనూ కట్టినది ఆ ఒండ్రే. కాకినాడకు ఉత్తరంగా ఉప్పాడ దగ్గర సముద్రం ఊరిని కొరుక్కుతింటున్నది. రోడ్డు వేసిన ప్రతిసారీ అల వచ్చి పెళ్ళలు లేపి పోతున్నది. ఒకప్పుడు అధికమైన మట్టి వలన కోరంగి చెడినది. ఇప్పుడు మట్టి చాలక పక్క ఊరు చెడుతున్నది.

ఈ సంగతులు మా సింగరాయకొండవారికి పరాయివి కావు. మాకు దక్షిణంగా రామాయపట్నంలో కొత్త రేవు నిర్మాణం 2022లో మొదలైనది. రేవు వస్తే పనులు వస్తాయి, మిరపకాయకూ పొగాకుకూ దారి దగ్గరవుతుంది; రావలసినదే. కాని రేవు కోసం సముద్రంలోకి రాతికట్ట వేస్తే, తీరం వెంబడి నడిచే ఇసుక ఒకవైపు ఆగి, రెండవవైపు తరిగిపోవటం ప్రకృతి. తూర్పుతీరంలో ఇసుక నడక ఏడాదిలో అధికభాగం దక్షిణం నుండి ఉత్తరానికి. రామాయపట్నానికి ఉత్తరాన ఉన్నవి జాలరి పల్లెలు, పాకల ఇసుక, మన్నేరు, పాలేరు సముద్రంలో కలిసే చోట్లు. మా వైపు కోరంగి అంత అడవి లేదు; ఏటి నోళ్ళ దగ్గర అక్కడక్కడ మడపొదలు, ఇసుక మీద నాటిన సరుగుడు తోపులు, అంతే. ఉన్నది కొంచెమే గనుక పోగొట్టుకోవటం తేలిక. ఊళ్ళో ఆ పొదలను ఇంతవరకు ఎవరూ లెక్కపెట్టలేదు. పదవ తరగతి పిల్లలు ఒక ఆదివారం పూట చేయగల పని అది.

కోరంగికి పిల్లలను తీసుకొనిపోదలచిన ఉపాధ్యాయులు ఒక విషయం ముందుగా చూచుకోవలెను. పంచాంగంలో అమావాస్య పూర్ణిమలు చూచి, ఆటు పోటుల వేళ కాకినాడలో ఎవరైనా జాలరిని అడిగి తెలిసికొనండి. పోటు మీద పోతే శ్వాసవేళ్ళు మునిగిపోయి, పిల్లలకు నీటిలో చెట్లు తప్ప మరేమీ కనబడవు. ఆటు మొదలయిన ఒకటి రెండు గంటలకు చెక్కల బాట మీద ఉండవలెను. అప్పుడు బురద బయటపడి పీతలు తమ రంధ్రాలలో నుండి పైకి వస్తాయి. పడవ ప్రయాణం మాత్రం నీరు నిండుగా ఉన్నప్పుడు పెట్టుకొనవలెను, కనుక రెంటికీ ఒక పూట చాలదు. పిల్లలకు తిల్లచెట్టును మొదట చూపి, ముట్టవద్దని చెప్పండి. తరువాత తెల్లమడ ఆకును వెనుకకు తిప్పి నాలుకకు తగిలించమనండి. ఆకు మీద తళుక్కుమనే ఆ తెల్లని పొడి ఉప్పు.